ముచ్చటపడి తెచ్చిన గడ్డి ముప్పుగా మారకముందే

అండమాన్ నికోబార్ దీవుల రాజధానిలో విమానాశ్రయానికి పక్కనే ఉన్న పేట లంబాలైన్. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురంగా మారినా పేటల పేర్లు పాతవే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ప్రతి వందమందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుంచి ఇక్కడికి ఓడలు వస్తాయి. వాటిలో మనుషులు, సరుకులతోపాటు మొక్కలూ వస్తాయి.

లంబాలైన్‌లో ఒక ఇంటివారు సొంతూరు నుంచి తిరిగివస్తూ ఒక గడ్డి దుబ్బు కొనుక్కొచ్చి వాకిట్లో నాటారనుకుందాం. సన్నని ఆకులు ఫౌంటెన్ నీటిధారల్లా చుట్టూ వంగి ఉంటాయి. వాటి మధ్య నుంచి గులాబీ, ఊదా రంగుల్లో మెత్తటి కంకులు లేచి గాలికి ఊగుతాయి. నీళ్లు పెద్దగా అడగదు, పురుగు పట్టదు, పశువులు కూడా అంతగా ముట్టుకోవు. తోట పెంచేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

కానీ సరిగ్గా ఈ గుణాలే ఒక మొక్కను తోట దాటిస్తాయి. ఎవరి సాయమూ లేకుండా బతికే మొక్క, గోడ అవతల కూడా ఎవరి సాయమూ లేకుండానే బతుకుతుంది. ఈ గడ్డిని తోటపని భాషలో ఫౌంటెన్ గ్రాస్ అంటారు. శాస్త్రీయ నామం సెంక్రస్ సెటేసియస్. పెన్నిసెటమ్ సెటేసియం అన్న పాత పేరుతోనూ దీన్ని పిలుస్తారు. ఉత్తర ఆఫ్రికా, తూర్పు ఆఫ్రికా, పశ్చిమాసియా దీని పుట్టినిల్లు. అలంకరణ కోసం ప్రపంచమంతా తిరిగిన ఈ గడ్డి హవాయి, కెనరీ దీవులు, దక్షిణాఫ్రికా, అమెరికా నైరుతి రాష్ట్రాల్లో ఆక్రమణ జాతిగా మారింది. బయటి నుంచి వచ్చి, సొంతంగా విస్తరించి, స్థానిక జీవజాలానికి నష్టం చేసే జాతులను శాస్త్రవేత్తలు ఆక్రమణ జాతులు అంటారు. యూరోపియన్ యూనియన్ 2017లో ఈ గడ్డిని తన ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చి, అమ్మకాన్నీ పెంపకాన్నీ నిషేధించింది.

హవాయి నేర్పిన పాఠం

ఫౌంటెన్ గ్రాస్ హవాయికి 20వ శతాబ్దం తొలినాళ్లలో అలంకార మొక్కగానే చేరింది. అక్కడి పెద్ద దీవి పశ్చిమ భాగంలో వర్షం తక్కువ. పాత లావా ప్రవాహాలు గట్టిపడిన నేలలు, వాటి మధ్య పొడి అడవులు ఉండేవి. లావా రాళ్ల మీద ఏమీ మొలిచేది కాదు కాబట్టి, ఒక చోట నిప్పు అంటుకున్నా ఆ బోడి నేల దగ్గర ఆగిపోయేది. ఫౌంటెన్ గ్రాస్ ఆ రాళ్ల పగుళ్లలోనూ మొలిచింది. మంటలను ఆపే ఖాళీలన్నీ ఎండుగడ్డితో నిండిపోయాయి.

దీని వెనక ఉన్న భౌతిక సూత్రం సులభమైనది. ఒక వస్తువు పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎంత ఎక్కువగా ఉంటే అది అంత త్వరగా తడి కోల్పోతుంది, అంత త్వరగా వేడెక్కుతుంది. మందపాటి దుంగ ఆరడానికి వారాలు పడుతుంది. ఆరు మిల్లీమీటర్లకన్నా సన్నని పుల్లలు, ఆకుల తేమ మాత్రం చుట్టూ గాలిలోని తేమకు తగ్గట్టు గంట వ్యవధిలోనే మారిపోతుంది. గడ్డి ఈ కోవలోదే. అందుకే ఉదయం మంచుకు తడిసిన గడ్డి మధ్యాహ్నానికి చిచ్చుబుడ్డికి సిద్ధంగా ఉంటుంది.

మంట వెళ్లిపోయాక చెట్లు చచ్చిపోతాయి. గడ్డి దుబ్బు మొదలు మాత్రం నేలలో సజీవంగా ఉండి వారాల్లోనే చిగురిస్తుంది. పడిపోయిన చెట్ల నీడ లేదు కాబట్టి ఈసారి ఇంకా ఎక్కువ చోటు దొరుకుతుంది. ఎక్కువ గడ్డి అంటే తర్వాతి మంట ఇంకా పెద్దది. గడ్డి మంటను పెంచుతుంది, మంట గడ్డిని పెంచుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని గడ్డి-అగ్ని చక్రం అంటారు. 2023 ఆగస్టులో హవాయిలోని మావీ దీవిలో వందమందికి పైగా ప్రాణాలు తీసిన లహైనా కార్చిచ్చుకు బలమైన గాలులతోపాటు, పాడుబడిన చెరకు తోటల్లో పెరిగిన గినీ గడ్డి వంటి పరాయి గడ్డి జాతులు ఇంధనమయ్యాయి.

అండమాన్‌లో అలా జరుగుతుందా?

అండమాన్ హవాయి పొడి తీరం కాదు. ఇక్కడ ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన పడుతుంది. భూభాగంలో అత్యధిక శాతం అడవే. ఫౌంటెన్ గ్రాస్‌కు ఎండ కావాలి, నీడ పడదు. దట్టమైన సతతహరిత అడవి లోపలికి అది చొరబడి చెట్లను తరిమేస్తుందని భయపడక్కర్లేదు.

ముప్పు అడవి అంచుల దగ్గర ఉంది. రోడ్డు గట్లు, కొండ తవ్విన వాలులు, ఇళ్ల స్థలాలు, కొబ్బరి తోటల హద్దులు, ఇసుక తీరాలు: ఎండ నేరుగా నేలను తాకే చోట్లన్నీ గడ్డికి తలుపులే. 2004 సునామీ తర్వాత తీరం వెంబడి, ముఖ్యంగా నికోబార్‌లో, ఇలాంటి ఖాళీలు పెరిగాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దీవుల్లో వానలు తగ్గి, పట్టణంలో తాగునీటికి కూడా కటకటగా ఉంటుంది. ఆ నాలుగు నెలల్లో రోడ్డు పక్క గడ్డి ఎండిపోతుంది.

తేమ ఎక్కువగా ఉండే నేలలను ఇష్టపడే దాయాదులు కూడా ఈ గడ్డికి ఉన్నాయి. ఆఫ్రికా నుంచే వచ్చిన మిషన్ గ్రాస్, గినీ గడ్డి వానలు బాగా పడే ఉష్ణమండలంలో హాయిగా పెరుగుతాయి. మిషన్ గ్రాస్ ఫిజీ దీవుల్లో, ఉత్తర ఆస్ట్రేలియాలో పెద్ద సమస్య. మన దేశంలో కేరళ రోడ్ల పక్కన కూడా కనిపిస్తుంది. అందుకే అండమాన్ వాసులకు ఒక్క ఫౌంటెన్ గ్రాస్‌ను కాక, కుచ్చు కంకుల గడ్డి కుటుంబాన్నే గుర్తుపట్టడం అవసరం.

తెలుగు నేలకు వస్తే లెక్క తారుమారవుతుంది. ఫౌంటెన్ గ్రాస్‌కు అసలు నచ్చేది తక్కువ వాన, ఎక్కువ ఎండ, రాతి నేల. అంటే రాయలసీమ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం దానికి లంబాలైన్ కన్నా అనుకూలమైన చోటు. ప్రతి వేసవిలో మంటలకు గురయ్యే శేషాచలం, నల్లమల అడవుల అంచుల్లో ఇలాంటి గడ్డి స్థిరపడితే ఏమవుతుందో హవాయి చూపించింది.

ఎలా గుర్తుపట్టాలి?

పచ్చగా, సన్నగా ఉన్న ప్రతి గడ్డీ శత్రువు కాదు. తప్పుగా గుర్తిస్తే స్థానిక గడ్డిని పీకేసి, ఆ ఖాళీలో పరాయి గడ్డికి మనమే చోటిచ్చినట్టవుతుంది. అయిదు లక్షణాలను వరుసగా చూస్తే చాలావరకు స్పష్టత వస్తుంది.

మొదటిది దుబ్బు. ఫౌంటెన్ గ్రాస్ ఒకే మొదలు నుంచి వందల పిలకలతో గుబురుగా లేస్తుంది. ఎత్తు సుమారు ఒక మీటరు. గరికలా నేల మీద పాకదు. తవ్వి చూస్తే గుత్తి వేర్లు ఉంటాయి కానీ, భూమిలో అడ్డంగా పాకే దుంపకాండాలు ఉండవు. దర్భజాతి గడ్డి అయిన ఇంపెరాటాకు తెల్లటి, మొనదేలిన దుంపకాండాలు ఉంటాయి. తేడా అక్కడే తెలిసిపోతుంది.

రెండోది ఆకు. వెడల్పు మూడు మిల్లీమీటర్లకు అటూఇటూ. అంచులు లోపలికి చుట్టుకుని, ముట్టుకుంటే గరుకుగా ఉంటుంది. నేపియర్ గడ్డి, గినీ గడ్డి ఆకులు దీనికన్నా చాలా వెడల్పు.

మూడోది ఆకు, కాండం కలిసే చోటు. ఆకును మెల్లగా వెనక్కి వంచితే, కాండాన్ని చుట్టుకున్న తొడుగు పైభాగంలో సన్నని వెంట్రుకల వరుస కనిపిస్తుంది. చేతి భూతద్దం ఉంటే ఇంకా బాగా తెలుస్తుంది.

నాలుగోది కంకి. జానెడు పొడవున, గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. రంగు గులాబీ నుంచి ఊదా వరకు, ముదిరాక తెల్లబడుతుంది. ప్రతి గింజ చుట్టూ కుచ్చులా నూగు ఉంటుంది. వాటిలో ఒకటి మిగతావాటికన్నా స్పష్టంగా పొడవు. మిషన్ గ్రాస్ కంకి పసుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది.

అయిదోది వేళ్ల పరీక్ష. పండిన కంకిని రెండు వేళ్ల మధ్య పట్టి కింది నుంచి పైకి లాగాలి. ఫౌంటెన్ గ్రాస్‌లో గింజ, దాని చుట్టూ ఉన్న నూగు కలిసి ఒకే ముక్కగా చేతిలోకి వస్తాయి. గాలికి ఎగరడానికి, బట్టలకు, జంతువుల వెంట్రుకలకు అతుక్కోవడానికి ఆ ఏర్పాటు. మన కొర్ర కంకి, దాని అడవి చుట్టాలైన గడ్డి జాతులు ఇందుకు భిన్నం. వాటిలో గింజ రాలిపోయినా నూగు కంకికే ఉండిపోతుంది. చూడటానికి ఒకేలా ఉన్న రెండు కంకులను వేరు చేయడానికి ఇంతకన్నా తేలికైన పద్ధతి లేదు.

ఈ పరీక్ష గింజలను రాల్చేస్తుంది కాబట్టి కంకి కింద సంచి పట్టుకునే చేయాలి.

ముదురు ఎరుపు ఆకులతో అమ్మే రకం వేరు. అది సాధారణంగా గింజ కట్టదు కాబట్టి ప్రమాదం తక్కువ. పచ్చ ఆకుల రకంతోనే అసలు జాగ్రత్త అవసరం. అనుమానం తీరకపోతే దుబ్బు, ఆకు, కంకి స్పష్టంగా కనిపించేలా ఫొటోలు తీసి నిపుణులకు చూపించడం మంచిది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రం ఈ పట్టణంలోనే హాడోలో ఉంది. దీవుల మొక్కల నమూనాలను భద్రపరిచే హెర్బేరియం అక్కడ ఉంది.

ఒకచోట శత్రువు, మరోచోట చుట్టం

ఏ గడ్డీ పుట్టుకతో చెడ్డది కాదు. ఫౌంటెన్ గ్రాస్‌కు దగ్గర చుట్టం మన సజ్జ. ఒకే ప్రజాతి, ఒకే రకం కంకి. రాజస్థాన్ నుంచి తమిళనాడు దాకా పశువులకు మేతగా పెంచే అంజన్ గడ్డి కూడా ఈ కుటుంబమే. అదే అంజన్ గడ్డి అమెరికాలోని అరిజోనా ఎడారిలోకి వెళ్లి, వందేళ్లు బతికే సగ్వారో కాక్టస్‌లను మంటలపాలు చేస్తున్న ఆక్రమణ జాతి అయింది. మన దగ్గర సహజంగా పెరిగే ఇంపెరాటా 1910ల మొదట్లో జపాన్ నుంచి వచ్చిన నారింజ పెట్టెల్లో ప్యాకింగ్ గడ్డిగా అమెరికాలోని అలబామాకు చేరింది. ఇప్పుడు ఆగ్నేయ అమెరికా అడవులకు అది పెద్ద తలనొప్పి. నికోబార్‌లోని కమోర్తా, టెరెస్సా దీవుల గడ్డిమైదానాల్లో అదే గడ్డి సహజ వృక్షజాలంలో భాగం.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఈ గడ్డి మంచిదా చెడ్డదా అని కాదు. ఇది ఈ చోటిదేనా? కాకపోతే, దీన్ని అదుపులో ఉంచే పురుగులు, తెగుళ్లు, పోటీ మొక్కలు ఇక్కడ ఉన్నాయా? దీవుల్లో ఈ రెండో ప్రశ్నకు జవాబు చాలాసార్లు లేవు అనే వస్తుంది.

అండమాన్ చరిత్రే దీనికి సాక్ష్యం. బ్రిటిష్ వారు వేట కోసం తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు, వేటాడే పెద్ద జంతువులు లేని ఈ దీవుల్లో విస్తరించి అడవి లేత మొలకలను మేసేస్తున్నాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జపాన్ ఆక్రమణ సమయంలో వచ్చిన ఆఫ్రికా రాక్షస నత్త నేటికీ కూరగాయల తోటలను వదలలేదు. ఈ శతాబ్దం మొదట్లో ప్రధాన భూభాగం నుంచి తెచ్చిన చేపపిల్లలతో కలిసి భారత బుల్ ఫ్రాగ్ వచ్చింది. దాని తోకకప్పలు స్థానిక కప్పల పిల్లలను తినేస్తాయని పరిశోధకులు నమోదు చేశారు. మూడు సందర్భాల్లోనూ సమస్య అందరికీ కనిపించేసరికి ఆలస్యమైపోయింది.

అంతర్‌ప్రభుత్వ శాస్త్రీయ వేదిక ఐపీబీఈఎస్ 2023 సెప్టెంబరులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, ప్రపంచంలో నమోదైన జీవజాతుల అంతర్ధానాల్లో 60 శాతంలో ఆక్రమణ జాతులకు పాత్ర ఉంది. ప్రధానంగా వాటివల్లే జరిగిన అంతర్ధానాల్లో 90 శాతం దీవుల్లోనే.

ఎలా అరికట్టాలి?

ఫౌంటెన్ గ్రాస్ పరాగ సంపర్కం లేకుండానే గింజ కట్టగలదు. అంటే ఒక్క దుబ్బు చాలు, జత అక్కర్లేదు. నేలలో పడిన గింజలు ఏడేళ్ల దాకా మొలకెత్తే శక్తిని నిలుపుకోగలవు. ఈ రెండు విషయాలు గుర్తుంటే మిగతా పద్ధతి అంతా దానంతటదే అర్థమవుతుంది.

కంకి రాకముందే పీకడం అన్నిటికన్నా తేలిక. కంకులు ఉంటే ముందుగా వాటిని కత్తిరించి మూతి బిగించే సంచిలో వేయాలి. ఆ తర్వాతే దుబ్బును కదిలించాలి. వరుస తప్పితే తవ్వే కుదుపుకే గింజలు నేలపాలవుతాయి. దుబ్బు చుట్టూ గునపంతో వదులు చేసి, పిలకలు పుట్టే మొదలు మొత్తం పైకి వచ్చేలా తీయాలి. పైన కోసి వదిలేస్తే నెలలోపే చిగురిస్తుంది. కాల్చేయడం అన్నిటికన్నా తప్పుడు పని. మంట దానికి హాని కన్నా మేలే చేస్తుంది.

పీకిన మొదళ్లను సిమెంటు నేల మీద ఎండబెట్టాలి. కంకులున్న సంచిని ఎరువు గుంటలో వేయకూడదు, కాలువ గట్టున పారేయకూడదు. పని ముగిశాక చెప్పుల అడుగులు, పనిముట్లు, బట్టలు దులిపి చూసుకోవాలి. బండి టైర్ల గాడిలో ఇరుక్కున్న మట్టి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద గింజలను కిలోమీటర్ల దూరం మోయగలదు.

ఖాళీ చేసిన చోటును ఖాళీగా ఉంచకూడదు. నీడనిచ్చే స్థానిక మొక్కలో, దట్టంగా పరుచుకునేవో వెంటనే నాటాలి. మొదటి ఏడాది ప్రతి నెలా, ఆ తర్వాత కనీసం ఏడు వానాకాలాల పాటు ఆ చోటును చూస్తూ, మొలకలను చేత్తో పీకేయాలి. ఒక్క దుబ్బు గింజ కట్టడానికి ముందు పది నిమిషాల పని, ఆ తర్వాత ఏడేళ్ల పని.

కలుపు మందుల సంగతేమిటి? ఇలాంటి గడ్డి మీద ప్రపంచమంతా వాడే గ్లైఫోసేట్‌ను కీటక నియంత్రణ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. వాన నీరు నేరుగా వాగుల్లోకి, అక్కడి నుంచి పగడపు దిబ్బలున్న సముద్రంలోకి చేరే దీవుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఇంటి వాకిట్లోని పది దుబ్బులకు గునపం చాలు.

జీవ నియంత్రణ గురించీ చాలామంది అడుగుతారు. చెరువులను కమ్మేసే గుర్రపు డెక్క కూడా పూల అందం కోసమే మన దేశానికి తెచ్చిన మొక్క. దాన్ని తినే ముక్కు పురుగులను 1980ల్లో విదేశాల నుంచి తెప్పించి, పరీక్షించి, వదిలారు. గుర్రపు డెక్కకు దగ్గర చుట్టాలైన పంటలు మనకు లేవు కాబట్టి అది సాధ్యమైంది. ఫౌంటెన్ గ్రాస్ విషయం అలా కాదు. దాన్ని తినే పురుగు సజ్జను, వరిని, చెరకును వదిలిపెడుతుందని నమ్మకమేమిటి? గడ్డి జాతులపై జీవ నియంత్రణ కష్టం కావడానికి ఈ బంధుత్వమే ప్రధాన కారణం.

రేవు దగ్గరే ఆపితే

విదేశాల నుంచి వచ్చే మొక్కలను మన దేశంలో 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ కింద తనిఖీ చేస్తారు. విశాఖ నుంచి అండమాన్‌కు వచ్చే పూలకుండీ ఆ ఆర్డర్ కిందికి రాదు. అది దేశం దాటలేదు మరి. కానీ మొక్కలకు దేశాల హద్దులు తెలియవు, వాటికి సముద్రమే హద్దు. సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఇన్నాళ్లూ ఈ దీవులకు కంచెగా నిలిచింది. ఓడలో, విమానంలో వచ్చే ప్రతి కుండీ ఆ కంచెకు ఒక కంత.

2022 డిసెంబరులో కుదిరిన కున్మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందంలోని ఆరో లక్ష్యం, 2030 నాటికి ఆక్రమణ జాతుల రాకను, స్థిరపడటాన్ని కనీసం సగానికి తగ్గించాలంటోంది. దీవుల వంటి ప్రాధాన్య ప్రదేశాల్లో వాటిని నిర్మూలించాలనీ, అదుపు చేయాలనీ ప్రత్యేకంగా చెబుతోంది. భారత్ ఆ ఒప్పందంలో భాగస్వామి.

నర్సరీలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతపు నర్సరీల మొక్కలు దేశమంతా వెళతాయి. మొక్కకు వాణిజ్య నామంతోపాటు శాస్త్రీయ నామం కూడా రాసిన చీటీ కడితే, కొనేవారు ఫోన్‌లో ఒక్క నిమిషం వెతికి అది ఎక్కడైనా ఆక్రమణ జాతిగా నమోదైందో లేదో తెలుసుకోగలరు. అందమైన దుబ్బే కావాలనుకుంటే ప్రత్యామ్నాయాలున్నాయి. దక్షిణ భారతంలో సాగులో ఉన్న వట్టివేరు రకం పిలకలతోనే పెరుగుతుంది, గింజలతో వ్యాపించదు, పైగా వాలు నేలల్లో మట్టిని పట్టి ఉంచుతుంది. నిమ్మగడ్డి అరుదుగా మాత్రమే పూస్తుంది, వంటింటికీ పనికొస్తుంది.

మళ్లీ లంబాలైన్ వాకిట్లోని ఆ దుబ్బు దగ్గరకు వద్దాం. దానికి మొదటి కంకి ఇంకా రాలేదు. ఇంటివారు ఆకు వెడల్పు చూశారు, తొడుగు మీది వెంట్రుకలు చూశారు, అనుమానం వచ్చింది. ఒక గునపం, ఒక సంచి, పది నిమిషాల సమయం. దీవిని కాపాడే పని ఇంత చిన్నదిగా ఉండే రోజు ప్రతి ఆక్రమణ జాతి విషయంలోనూ ఒకటి ఉంటుంది. ఆ రోజున గుర్తుపట్టగలిగినవారు ఉండటమే కావాల్సింది.